క్రొయేషియా సంస్కృతి, ఆచార వ్యవహారములు

క్రొయేషియా ఆగ్నేయ ఐరోపాలో ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరమున ఉన్న దేశము. అక్కడి ప్రజలు తమ దేశమును తమ భాషలో "హర్వాత్‌స్కా" అని పిలుస్తారు. రాజధాని జాగ్రెబ్. వైశాల్యము 56,594 చదరపు కిలోమీటర్లు, అనగా తెలంగాణ రాష్ట్రములో దాదాపు సగము. 2021 జనాభా లెక్కల ప్రకారము దేశ జనాభా 38,71,833. వీరిలో సుమారు 92 శాతము క్రొయాట్లు, 3 శాతము పైగా సెర్బులు. మిగిలినవారు బోస్నియాకులు, రోమాలు, ఇటాలియన్లు, ఆల్బేనియన్లు మొదలగువారు. జనాభాలో దాదాపు 79 శాతము రోమన్ కాథలిక్కులు.

దేశము చిన్నదైనను దీని సంస్కృతి ఒక్క మూస లోనిది కాదు. ఉత్తర భాగము ఆస్ట్రియా, హంగేరీల జీవన విధానమునకు దగ్గరగా ఉంటుంది. తీరప్రాంతము ఇటలీని తలపిస్తుంది. లోపలి ప్రాంతములపై ఒకప్పటి ఒట్టోమన్ సరిహద్దు ప్రభావము కనిపిస్తుంది. ఈ దేశమును చూడబోవు వారు ఈ మూడు లోకములను గుర్తించినచో ప్రజల నడవడిక సులభముగా అర్థమవుతుంది.

చారిత్రక నేపథ్యము

స్లావ్ జాతికి చెందిన క్రొయాట్లు 7వ శతాబ్దము ప్రాంతములో ఇక్కడ స్థిరపడినారు. 10వ శతాబ్దములో తొమిస్లావ్ కాలమున క్రొయేషియా రాజ్యముగా వెలసినది. 1102లో హంగేరీ రాజుతో, 1527లో ఆస్ట్రియాకు చెందిన హాబ్స్‌బర్గ్ వంశముతో సంబంధము ఏర్పడినది. తీరమున ఉన్న డాల్మేషియాలో అధిక భాగము 1797 వరకు వెనిస్ పాలనలో ఉన్నది. దుబ్రోవ్నిక్ నగరము మాత్రము 1808 వరకు స్వంత గణతంత్రముగా నిలిచినది. ఈ నగరము 1416లోనే బానిసల వ్యాపారమును నిషేధించినది. "లిబెర్తాస్", అనగా స్వేచ్ఛ, అను పదము నేటికిని ఆ నగరపు గుర్తుగా కనిపిస్తుంది.

1918లో క్రొయేషియా తరువాతి కాలమున యుగోస్లావియాగా పేరుపొందిన రాజ్యములో చేరినది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత సోషలిస్టు యుగోస్లావియాలో ఒక గణతంత్రముగా ఉన్నది. 1991 జూన్ 25న స్వాతంత్ర్యము ప్రకటించుకున్నది. ఆ తరువాత జరిగిన యుద్ధము 1995 వరకు సాగినది. తూర్పున ఉన్న డాన్యూబ్ ప్రాంతము 1998 జనవరిలో శాంతియుతముగా తిరిగి దేశములో కలిసినది. 2013 జూలై 1న క్రొయేషియా ఐరోపా సమాఖ్యలో సభ్యదేశమైనది. 2023 జనవరి 1న "కూన" అను పాత ద్రవ్యమునకు బదులు యూరోను స్వీకరించి, అదే రోజున షెంజెన్ ప్రాంతములో చేరినది.

భాష

క్రొయేషియన్ స్లావ్ కుటుంబమునకు చెందిన భాష. దీనిని 30 అక్షరములు గల లాటిన్ లిపిలో వ్రాస్తారు. ఈ లిపిని 19వ శతాబ్దములో ల్యుదెవిత్ గాయ్ క్రమబద్ధము చేసినాడు. ఒక ధ్వనికి ఒక గుర్తు అను పద్ధతి ఉండుట చేత వ్రాసినట్లే చదవవచ్చును.

భాషలో మూడు ప్రధాన మాండలికములు ఉన్నవి. "ఏమి" అను ప్రశ్నకు వాడు మాటను బట్టియే వాటికి పేర్లు వచ్చినవి. "ష్తో" అనువారిది ష్తోకావ్‌స్కీ, "కాయ్" అనువారిది కాయ్‌కావ్‌స్కీ, "చా" అనువారిది చాకావ్‌స్కీ. ప్రామాణిక భాష మొదటిదానిపై ఆధారపడినది. జాగ్రెబ్ పరిసరములలో రెండవది, దీవులలో, ఇస్త్రియాలో మూడవది వినిపిస్తుంది.

మధ్యయుగములో క్రొయాట్లు "గ్లగోలిత్స" అను ప్రత్యేక లిపిని కూడ వాడినారు. క్ర్క్ దీవిలో దొరికిన బాష్కా శిలాఫలకము సుమారు 1100 నాటిది. దానిని నేడు జాగ్రెబ్‌లోని క్రొయేషియా విజ్ఞాన కళా అకాడమీలో భద్రపరచినారు. క్రొయేషియా ముద్రించిన 1, 2, 5 సెంటుల యూరో నాణెములపై ఈ లిపి అక్షరములే ఉన్నవి.

సెర్బియన్, బోస్నియన్ భాషలు మాట్లాడువారికి క్రొయేషియన్ చక్కగా అర్థమవుతుంది. ఇవి ఒకే భాషకు వేర్వేరు ప్రామాణిక రూపములని భాషావేత్తలలో పలువురు భావిస్తారు. అయితే భాష పేరు ఇక్కడ చాలా సున్నితమైన విషయము. యుగోస్లావియా కాలమున "సెర్బో-క్రొయేషియన్" అను ఉమ్మడి పేరు వాడుకలో ఉండగా, 1967లో క్రొయేషియా రచయితలు, సంస్థలు తమ భాష పేరును, స్థాయిని గుర్తించవలెనని ఒక ప్రకటన వెలువరించినారు. అందుచేత సందర్శకులు ఈ భాషను "క్రొయేషియన్" అని పిలుచుటయే మర్యాద.

సంబోధన, బంధుత్వములు

తెలుగులో నువ్వు, మీరు అను భేదము ఉన్నట్లే క్రొయేషియన్‌లో "తి", "వి" అను భేదము ఉన్నది. పెద్దలను, అపరిచితులను, అధికారులను "వి" అని సంబోధిస్తారు. స్నేహితులకు, పిల్లలకు, కుటుంబ సభ్యులకు "తి" వాడతారు. "వి" నుండి "తి"కి మారుదమని సాధారణముగా వయసులో పెద్దవారే ముందుగా అంటారు.

బంధువుల పేర్లలో కూడ తెలుగువారికి పరిచితమైన సూక్ష్మత ఉన్నది. తండ్రి సోదరుడు "స్త్రిత్స్", ఆయన భార్య "స్త్రిన". తల్లి సోదరుడు "ఉయాక్", ఆయన భార్య "ఉయ్న". ఈ ఇద్దరికిని ఆంగ్లములో ఒకే మాట సరిపోగా, క్రొయేషియన్ మాత్రము పినతండ్రిని, మేనమామను వేరు చేసి చూపుతుంది. అయితే తల్లి సోదరి, తండ్రి సోదరి ఇద్దరిని "తెత" లేదా "తెత్క" అనియే పిలుస్తారు.

మతము, పండుగలు

క్రైస్తవ పండుగలు ఇక్కడ మతపరమైన దినములే కాక కుటుంబములు కలుసుకొను సందర్భములు కూడ. చర్చికి అరుదుగా వెళ్ళు వారు సైతము ఈ ఆచారములను పాటిస్తారు.

డిసెంబరు 13న సెయింట్ లూసీ దినమున ఒక పళ్ళెములో గోధుమలు నానవేసి మొలకెత్తిస్తారు. క్రిస్మస్ నాటికి అది పచ్చని గుబురుగా పెరుగుతుంది. మధ్యలో కొవ్వొత్తి నిలిపి, చుట్టును ఎర్ర, తెలుపు, నీలి రంగుల పట్టీ కట్టి బల్లపై అలంకరిస్తారు. మన వివాహములలోని అంకురార్పణ వలె ఇది కూడ రాబోవు కాలపు సమృద్ధికి సూచన. క్రిస్మస్ ముందు రోజును "బద్‌న్యాక్" అంటారు. ఆ నాడు మాంసము మాని, తీరప్రాంతమున ఎండు కాడ్ చేపతో "బకలార్" వండుతారు.

ఈస్టరుకు రంగులు వేసిన గుడ్లను "పిసనిత్సె" అంటారు. హామ్, గుడ్లు, ముల్లంగి, తీపి రొట్టె బుట్టలో పెట్టి చర్చిలో ఆశీర్వదింపజేసి ఇంటికి తెచ్చుకొని తింటారు. నవంబరు 11న సెయింట్ మార్టిన్ దినమున ద్రాక్షరసము ద్రాక్షసారాగా మారినదని వేడుక చేస్తారు.

నవంబరు 1 సకల పునీతుల దినము. ఆ రోజు దేశమంతట ప్రజలు తమవారి సమాధుల వద్ద చేమంతులు ఉంచి దీపములు వెలిగిస్తారు. జాగ్రెబ్‌లోని మిరొగోయ్ శ్మశానవాటిక ఆ రాత్రి వేలాది దీపములతో వెలుగుతుంది. 1876లో తెరచిన ఈ శ్మశానవాటికలో కాథలిక్కులు, ఆర్థడాక్సులు, యూదులు, ముస్లిములు అందరి సమాధులు ఉన్నవి.

జాతీయ స్వభావము

ఒక జాతి మొత్తమునకు ఒకే స్వభావము ఆపాదించుట సరికాదు. క్రొయాట్లు తమను గురించి చెప్పుకొనునప్పుడు కూడ మొదట ప్రాంతమునే ప్రస్తావిస్తారు. డాల్మేషియా వారు బిగ్గరగా మాట్లాడుదురని, తొందరపడరని. స్లవోనియా వారు అతిథులకు కడుపు నిండ పెట్టుదురని. జాగ్రెబ్ వారు పద్ధతి పాటించుదురని. ఇస్త్రియా వారు నెమ్మదస్తులని, ఇతర జాతుల వారితో కలసిమెలసి ఉండుదురని చెప్పుకుంటారు. ఇవి పరస్పరము వేసుకొను హాస్యోక్తులే గాని కొలబద్దలు కావు.

అయినను కొన్ని మాటలు వారి జీవన దృక్పథమును తెలుపుతాయి.

* పొమాలో: "మెల్లగా", "కంగారు లేదు" అని అర్థము. డాల్మేషియాలో పలకరింపుగాను, సలహాగాను వాడతారు.
* ఫ్యాక: వేసవి మధ్యాహ్నపు ఎండలో ఏ పనియు చేయబుద్ధి కాని, ఏ కోరికయు లేని స్థితి. డాల్మేషియా వారు దీనిని సోమరితనముగా గాక ఒక సుఖముగా భావిస్తారు.
* దిష్పెత్: పంతము. ఇతరులు కాదన్నందుకే ఒక పని చేసి చూపుట. ముఖ్యముగా స్ప్లిత్ నగరవాసులు దీనిని తమ గుణముగా చెప్పుకుంటారు.
* ప్రొపుహ్: ఇంట ఎదురెదురు కిటికీల మధ్య వీచు గాలి. దీనివలన మెడనొప్పి, జలుబు వచ్చునని పెద్దలు గట్టిగా నమ్ముతారు. వేడి రోజున బస్సు కిటికీ తెరచినను ఎవరైన మూయమని కోరవచ్చును.

తమ దేశమును, ప్రభుత్వమును తామే తీవ్రముగా విమర్శించుకొనుట క్రొయాట్లకు అలవాటు. కాని పరాయివారు అదే విమర్శ చేసినచో నొచ్చుకుంటారు. మాట సూటిగా ఉంటుంది. దుకాణములో చిరునవ్వు కనిపించకపోయినంత మాత్రమున అనాదరమని అనుకొనరాదు. పరిచయమైన తరువాత ఆదరణ నిండుగా ఉంటుంది.

కాఫీ సంప్రదాయము

"కాఫీకి వెళ్దాము" అను మాట ఇక్కడ కాఫీ గురించి కాదు, కూర్చొని మాట్లాడుకొనుట గురించి. ఒక చిన్న కప్పుతో గంట, రెండు గంటలు గడుపుట సర్వసాధారణము. త్వరగా లెమ్మని ఎవరును అడుగరు. వ్యాపార సంభాషణలు, రాజీలు, ప్రేమలు అన్నియు ఈ బల్లల వద్దనే మొదలవుతాయి. జాగ్రెబ్‌లో శనివారము ఉదయము నగర కేంద్రములోని కాఫీ హోటళ్ళ వద్ద చక్కగా ముస్తాబై కూర్చొను అలవాటును "ష్పిత్స" అంటారు. పిలిచినవారే డబ్బు చెల్లించుట ఆనవాయితీ. మరుసటిసారి రెండవవారు చెల్లిస్తారు.

ఆహారము

తీరమున ఆలివ్ నూనె, చేపలు, కూరగాయలు ముఖ్యము. నల్లని సిరా గల కటిల్ చేపతో చేయు నల్ల రిసోట్టో, ద్రాక్షసారాలో నానబెట్టి వండిన గొడ్డుమాంసపు "పష్తిత్సాద", ఇనుప మూతపై నిప్పులు పేర్చి వండు "పెక" ప్రసిద్ధములు. పాగ్ దీవి గొర్రెపాల జున్ను, గాలికి ఆరబెట్టిన "ప్ర్షుత్" అను పందిమాంసము అతిథులకు మొదట వడ్డిస్తారు. స్లవోనియాలో మిరపపొడి దట్టించిన "కులెన్" సాసేజ్, కారపు చేపల పులుసు ఉంటాయి. తెలుగువారి నాలుకకు దేశములో అన్నిటికంటె దగ్గరగా ఉండునవి ఈ స్లవోనియా వంటలే. జాగ్రెబ్ ఉత్తరాన ఉన్న జాగొర్యెలో జున్నుతో చేయు "ష్త్రుక్లి", ఇస్త్రియాలో ట్రఫుల్ అను భూగర్భ పుట్టగొడుగులు విశేషములు. 2013లో క్రొయేషియాతో సహా పలు దేశముల మధ్యధరా ఆహార విధానమును యునెస్కో వారసత్వముగా గుర్తించినది.

శాకాహారులకు జున్ను ష్త్రుక్లి, బంగాళాదుంపలతో వండిన "బ్లిత్వ" అను ఆకుకూర, డాల్మేషియాలోని పొల్యిత్స ప్రాంతపు "సొపార్నిక్" అను ఆకుకూర రొట్టె అనుకూలము. మాంసము లేదన్నచోట చేప ఉండవచ్చును గనుక స్పష్టముగా అడిగి తెలుసుకొనవలెను.

ద్రాక్షసారాను నీటితో కలిపి త్రాగుట సాధారణము. డాల్మేషియాలో ఎర్రదానిని మామూలు నీటితో కలిపినచో "బెవంద" అంటారు, ఉత్తరాన తెల్లదానిని సోడాతో కలిపినచో "గెమిష్త్" అంటారు. అమెరికాలో పేరుపొందిన జిన్‌ఫాండెల్ ద్రాక్ష, డాల్మేషియాలోని కాష్తెలా ప్రాంతపు పాత రకము ఒకటేనని 2001లో డి.ఎన్.ఎ. పరీక్షల ద్వారా నిర్ధారించినారు.

కళలు, జానపద సంప్రదాయములు

డాల్మేషియాలో వాద్యములు లేకుండ బృందముగా పాడు పాటను "క్లాప" అంటారు. పూర్వము పురుషులే పాడెడివారు, నేడు స్త్రీల బృందములు కూడ ఉన్నవి. 2012లో ఇది యునెస్కో జాబితాలో చేరినది. స్లవోనియాలో "తంబురిత్స" అను తీగ వాద్యము, "బెచారాత్స్" అను చమత్కారపు రెండు పాదముల పాట ప్రసిద్ధములు. డాల్మేషియా లోతట్టు ప్రాంతములలో సంగీతము లేకుండ కేవలము అడుగుల చప్పుడుతో ఆడు "నియెమో కోలో", అనగా మూగ నృత్యము, ఒక వింత. ఈ రెండును 2011లో యునెస్కో గుర్తింపు పొందినవి.

సిన్ పట్టణములో ప్రతి ఆగస్టు మాసమున "ఆల్క" అను గుర్రపు స్వారీ పోటీ జరుగుతుంది. 1715లో ఒట్టోమన్ సైన్యముపై సాధించిన విజయమునకు ఇది స్మారకము. రౌతు వేగముగా పరుగెత్తు గుర్రముపై నుండి, త్రాటికి వ్రేలాడు ఇనుప వలయములోనికి బల్లెము గుచ్చవలెను. దుబ్రోవ్నిక్‌లో ఫిబ్రవరి 3న సెయింట్ బ్లేజ్ ఉత్సవము, జాగ్రెబ్ ప్రాంతమున ఎర్రని "లిత్సితార్" హృదయాకారపు అల్లపు రొట్టెల తయారీ, లెపొగ్లావ, పాగ్, హ్వార్‌లలో అల్లు లేసు కూడ యునెస్కో జాబితాలోనివే.

మెడకు కట్టు టై మూలము కూడ క్రొయాట్లదే. 17వ శతాబ్దములో ఫ్రాన్సులో పనిచేసిన క్రొయాట్ సైనికులు మెడకు చుట్టుకొను గుడ్డను చూచి ఫ్రెంచివారు దానిని అనుకరించినారు. "హర్వాత్" అను జాతి నామమే ఫ్రెంచిలో "క్రవాత్" అయినది. అక్టోబరు 18న క్రొయేషియాలో టై దినము జరుపుకుంటారు.

క్రీడలు

నలభై లక్షల లోపు జనాభా గల దేశమునకు ఫుట్‌బాల్ జాతీయ గుర్తింపులో భాగము. స్వాతంత్ర్యము తరువాత ఆడిన మొదటి ప్రపంచ కప్పులోనే, 1998లో, క్రొయేషియా మూడవ స్థానము పొందినది. 2018లో ఫైనల్ చేరి ఫ్రాన్సు చేతిలో 4-2తో ఓడినది. 2022లో మరల మూడవ స్థానము సాధించినది. 2018లో లూకా మోద్రిచ్ బాలన్ డి'ఓర్ పురస్కారము అందుకున్నాడు. చిన్నతనమున యుద్ధము వలన ఇల్లు విడచి శరణార్థిగా పెరిగిన అతని కథను ప్రజలు తమ కథగానే భావిస్తారు. జట్టు ధరించు ఎరుపు తెలుపు గళ్ళు జాతీయ చిహ్నమునకు చెందినవి.

సందర్శకులకు మర్యాదలు

* పరిచయ సమయమున కళ్ళలోనికి చూచి చేయి కలుపవలెను. "దోబర్ దాన్" (శుభ దినము), "హ్వాల" (ధన్యవాదములు) అను మాటలు ఎక్కడనైన ఉపకరిస్తాయి.
* ఇంటికి పిలిచినచో వట్టి చేతులతో వెళ్ళరాదు. కాఫీ పొడి, చాక్లెట్లు, ద్రాక్షసారా లేదా పూలు తీసుకొని వెళ్ళుట ఆచారము. పూలు బేసి సంఖ్యలో ఉండవలెను. సరి సంఖ్య అంత్యక్రియలకు, చేమంతులు సమాధులకు సంబంధించినవి.
* గుమ్మము వద్ద పాదరక్షలు విడుచుట మంచిది. చాల ఇండ్లలో లోపల తొడుగుకొనుటకు చెప్పులు ఇస్తారు.
* "జీవ్యెలి" అని గ్లాసులు తాకించునప్పుడు ఎదుటివారి కళ్ళలోనికి చూడవలెను. మద్యము త్రాగనివారు నీటితోనో, పండ్లరసముతోనో పాల్గొనవచ్చును.
* చర్చిలలో భుజములు, మోకాళ్ళు కప్పుకొను దుస్తులు ధరించవలెను. స్ప్లిత్, దుబ్రోవ్నిక్, హ్వార్ వంటి పట్టణముల వీధులలో ఈత దుస్తులతో తిరిగినచో జరిమానా విధిస్తారు.
* 2023 జూలై నుండి దుకాణములు సంవత్సరములో 16 ఆదివారములు మాత్రమే తెరువవచ్చునని చట్టము వచ్చినది. కావున కావలసిన సరుకులు శనివారమే కొనుట మేలు.

సున్నితమైన విషయములు

1991-95 యుద్ధమును ఇక్కడ "స్వదేశ యుద్ధము" అని పిలుస్తారు. నడివయసు దాటిన ప్రతివారికి అది స్వానుభవము. వుకోవార్ నగరము 87 దినములు ముట్టడిలో ఉండి 1991 నవంబరు 18న పతనమైనది. ఆ దినము నేడు జాతీయ స్మారక దినము. దుబ్రోవ్నిక్ పాత నగరముపై 1991 డిసెంబరు 6న తీవ్రముగా ఫిరంగి దాడి జరిగినది. అక్కడి పైకప్పులలో కొత్త ఎర్రని పెంకులు ఆ దాడుల తరువాత వేసినవే. 1995 ఆగస్టు 5న క్నిన్ పట్టణమును క్రొయేషియా సైన్యము తిరిగి స్వాధీనము చేసుకున్న దినమును విజయ దినముగా జరుపుతారు. అయితే ఆ దాడి సమయమున పెద్దసంఖ్యలో సెర్బులు ఇండ్లు విడచి వెళ్ళినారు. వారికి అదే దినము విషాదము. 2013లో వుకోవార్‌లో సెర్బుల సిరిలిక్ లిపిలో కూడ ప్రభుత్వ బోర్డులు పెట్టగా నిరసనకారులు వాటిని పగులగొట్టినారు. గాయము పూర్తిగా మానలేదనుటకు ఇది నిదర్శనము.

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఉస్తాషా పాలకులు యసెనోవాత్స్ వద్ద నిర్బంధ శిబిరము నడిపి సెర్బులను, యూదులను, రోమాలను, తమను వ్యతిరేకించిన క్రొయాట్లను చంపినారు. అక్కడి స్మారక సంస్థ ఇంతవరకు 83,145 మంది మృతుల పేర్లు సేకరించినది. ఈ చరిత్రపై దేశములోనే నేటికిని తీవ్రమైన వాదములు ఉన్నవి.

ఈ విషయములలో సందర్శకులు తీర్పులు చెప్పక వినుట ఉచితము. దేశమును "యుగోస్లావియా" అనుట, క్రొయాట్లను సెర్బులతో ఒకటిగా కలిపి మాట్లాడుట మనసు నొప్పించును. "బాల్కన్" అను మాట కూడ పలువురికి రుచించదు. తాము మధ్య ఐరోపాకు, మధ్యధరా ప్రాంతమునకు చెందినవారమని వారి అభిప్రాయము. భౌతిక శాస్త్రజ్ఞుడు నికోలా టెస్లా 1856లో నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామమున సెర్బు కుటుంబములో జన్మించినాడు. ఇరు దేశములును ఆయనను తమవాడుగా చెప్పుకుంటాయి. క్రొయేషియా 10, 20, 50 సెంటుల నాణెములపై ఆయన బొమ్మ ఉన్నది.

భారతదేశముతో సంబంధములు

క్రొయాట్ మూలములు గల ఇవాన్ ఫిలిప్ వెజ్దిన్ (1748-1806) అను మతప్రచారకుడు 1776 నుండి 1789 వరకు మలబారు తీరమున నివసించి సంస్కృతము నేర్చినాడు. 1790లో రోము నగరమున ఆయన ప్రచురించిన సంస్కృత వ్యాకరణము ఐరోపాలో అచ్చయిన మొదటి సంస్కృత వ్యాకరణము. రవీంద్రనాథ్ టాగూర్ 1926లో జాగ్రెబ్‌ను సందర్శించినాడు. జాగ్రెబ్ విశ్వవిద్యాలయములో భారతీయ విద్యల అధ్యయనము సాగుతున్నది. 1998 ప్రపంచ కప్ జట్టు సభ్యుడు ఇగోర్ ష్తిమాత్స్ 2019 నుండి 2024 వరకు భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడుగా ఉన్నాడు.

నేటి మార్పులు

2011లో 42,84,889గా ఉన్న జనాభా పది సంవత్సరములలో నాలుగు లక్షలకు పైగా తగ్గినది. జననములు తగ్గుట, ఐరోపా సమాఖ్యలో చేరిన తరువాత యువకులు జర్మనీ, ఐర్లాండు వంటి దేశములకు వలస పోవుట ఇందుకు ముఖ్య కారణములు. స్లవోనియా గ్రామములలో ఖాళీ ఇండ్లు కనిపిస్తాయి. ఆ లోటును పూరించుటకు నేపాల్, ఫిలిప్పీన్స్, భారతదేశము మొదలగు దేశముల నుండి కార్మికులు వస్తున్నారు. మరొకవైపు తీరప్రాంతమునకు వేసవిలో పర్యాటకులు వెల్లువెత్తుతారు. దుబ్రోవ్నిక్ పాత నగరములో ఇండ్లు అనేకము అద్దె గదులుగా మారి, శాశ్వత నివాసులు బాగా తగ్గిపోయినారు. నగరపాలక సంస్థ విహార నౌకల సంఖ్యకు పరిమితి విధించినది.

క్లాప పాట, కాఫీ బల్ల, సమాధి దీపము నిలువవలెనన్నచో వాటిని ఆచరించు జనులు ఆ వీధులలోనే నివసించవలెను. కావున వేసవి రద్దీ తప్పించి వసంతములోనో శరత్కాలములోనో రావడము, తీరముతో పాటు స్లవోనియా, జాగొర్యె, లీక ప్రాంతములను కూడ చూచుట, స్థానికుల దుకాణములలో కొనుట అతిథికిని, ఆతిథ్యము ఇచ్చువారికిని ఉభయతారకము.